కాబ్‌తో మొదటి వన్‌డే ఈవెంట్: 117 నిమిషాల లెక్క

పోటీ అయిన రోజు రాత్రి, ఫోన్‌లో తీసిన వీడియోల టైములన్నీ వరసగా రాసుకుని ఒక కూడిక వేశాను. ఆ రోజు గుర్రం వీపు మీద మనిషి కూర్చున్న సమయం మొత్తం 117 నిమిషాలు. అందులో జడ్జీలు చూసింది, మార్కులు వేసింది, పెనాల్టీలు రాసింది అంతా కలిపి 12 నిమిషాలు. మిగతా గంటా నలభై అయిదు నిమిషాలూ మా చేతిలో ఉన్నవి. సరిగ్గా చెప్పాలంటే నా చేతిలో ఉన్నవి, ఎందుకంటే కోచ్‌ని నేను. ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో చెప్పింది నేనే.

గుర్రం, రైడర్

వాడొక కాబ్. కాబ్ అనేది జాతి పేరు కాదు, ఒళ్లు తీరుకి పెట్టిన పేరు. బ్రిటన్, ఐర్లండ్‌లలో బళ్లు లాగడానికీ, పొలం పనికీ, ఇంట్లో ఎవరైనా ఎక్కి తిరగడానికీ పనికొచ్చిన పొట్టి, గట్టి గుర్రాలు ఇవి. కాళ్లు పొట్టి, ఎముక లావు, ఛాతీ లోతు, మెడ మందం. చాలావాటికి మోకాళ్ల కింద మొదలై గిట్టల మీద దాకా జాలువారే ఒత్తయిన వెంట్రుకలు ఉంటాయి. మా వాడికి ఎనిమిదేళ్లు, ఎత్తు 14.3 హ్యాండ్లు, అంటే దాదాపు 150 సెంటీమీటర్లు. నలుపు మీద తెలుపు మచ్చలు. ఆరేళ్లు వచ్చేదాకా బండి లాగాడు. కాగితాల మీద వేరే పేరుంది కానీ యజమానురాలు పిలిచేది "బండోడు" అని. బండి లాగినందుకా, బండలా నిలబడతాడనా అని అడిగితే, రెండూ అన్నారు.

ఆవిడే రైడర్. నలభై దాటిన ఉద్యోగస్తురాలు. చిన్నప్పుడు స్వారీ నేర్చుకుని, మధ్యలో ఇరవై ఏళ్లు మానేసి, మళ్లీ మొదలుపెట్టారు. ఇద్దరికీ ఇదే మొదటి ఈవెంట్. క్లాసు 80 సెంటీమీటర్లది, అంటే ఫెన్సుల ఎత్తు అంతవరకే.

ఈవెంటింగ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది అశ్వికదళాల నుంచి వచ్చిన ఆట. ఒలింపిక్స్‌లోకి 1912 స్టాక్‌హోమ్‌లో వచ్చింది, మొదట్లో సైనికాధికారులకే పరిమితమైంది. కవాతులో చెప్పినట్టు వినే గుర్రం, దారీతెన్నూ లేని చోట అడ్డొచ్చినవన్నీ దాటే గుర్రం, అంత చేశాక కూడా ఒళ్లు సరిగ్గా ఉన్న గుర్రం కావాలి వాళ్లకి. అందుకే మూడు పరీక్షలు: డ్రెసాజ్ (చెప్పిన కదలికలు చెప్పినట్టు చేయడం), షో జంపింగ్ (తాకితే పడిపోయే కర్రల మీదుగా దూకడం), క్రాస్‌కంట్రీ (ఆరుబయట కదలని ఫెన్సులు దాటుతూ పరుగు). వన్‌డేలో మూడూ ఒకే రోజు. డ్రెసాజ్‌లో వచ్చిన శాతాన్ని వందలోంచి తీసేస్తే మిగిలింది పెనాల్టీ. షో జంపింగ్‌లో కర్ర పడితే 4. క్రాస్‌కంట్రీలో ఫెన్సు దగ్గర మొదటిసారి ఆగితే 20, నిర్ణీత సమయం దాటిన ప్రతి సెకనుకీ 0.4. ఎవరికి తక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు.

పన్నెండు వారాలు

రైడర్‌కి ఉన్న భయం ఒకటే. "వాడు నీళ్లలోకి దిగడండీ. ఇంటి దగ్గర చిన్న గుంట కనపడినా చుట్టూ తిరిగి పోతాడు." అందుకని నీళ్ల మీద చాలా పని చేశాం. నాలుగుసార్లు వాటర్ ఉన్న స్కూలింగ్ మైదానానికి తీసుకెళ్లాం. మొదటిసారి అరగంట పట్టింది. నాలుగోసారికి ట్రాట్‌లో (చిన్న పరుగులో) దిగి ట్రాట్‌లో బయటికొచ్చాడు. కందకం, మెట్టు, దుంగ ఏవీ వాడికి పెద్ద విషయాలు కావు. కాబ్‌ల గొప్పతనం అక్కడే ఉంది: 80 సెంటీమీటర్ల దుంగని క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన దౌడు) అవసరం లేకుండా ట్రాట్‌లోంచే పిల్లిలా ఎక్కి దూకేస్తాయి. దూరం కుదరకపోతే పక్కన ఇంకో చిన్న అడుగు పెట్టుకుంటాయి.

ఫిట్‌నెస్ సంగతి వేరు. మొదటి రోజు మూడు నిమిషాలు క్యాంటర్ చేయించి, పది నిమిషాలయ్యాక నాడి చూశాను. దవడ ఎముక లోపలి అంచున వేళ్లు పెట్టి నెమ్మదిగా జరిపితే, వేలి కింద తాడులా జారే ధమని దొరుకుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తాను. కూర్చున్న రైడర్ కాలు కదిపినా లెక్క తప్పుతుంది కాబట్టి దింపేశాకే చూస్తాను. విశ్రాంతిలో వాడి నాడి 36. పెద్ద గుర్రానికి 28 నుంచి 44 మామూలే. క్యాంటర్ తర్వాత పదో నిమిషానికి 72. నాకు కావలసింది 64 లోపు. మొదటి నెల అంతా ఎత్తుపల్లాల్లో నడక, పొడవాటి ట్రాట్. తర్వాత నాలుగు రోజులకోసారి మూడు నిమిషాల క్యాంటర్లు మూడు, మధ్యలో నడక. పదో వారానికి అదే పనికి 56 చూపించాడు. ఛాతీ చుట్టూ పెట్టే టేపు కొలతలో బరువు 540 కిలోల నుంచి 515కి వచ్చింది.

ఈ మధ్యలో లాయంలో ఒకరు, "ఇంత మందకొడిగా ఉంటే ఓట్స్ పెట్టండి, హుషారొస్తుంది" అన్నారు. పెట్టలేదు. ఈ రకం గుర్రాలు గాలి పీల్చినా లావెక్కుతాయి. పిండిపదార్థం, చక్కెర ఎక్కువైతే గిట్టల లోపల వాపు, అదే ల్యామినైటిస్, వచ్చే ప్రమాదం వీటికి ఎక్కువ. నానబెట్టిన ఎండుగడ్డి, ఖనిజ లవణాలు, అంతే. హుషారు కోసం గిట్టలు పణంగా పెట్టలేం.

నోట్‌బుక్‌లో రాసుకుని కూడా చేయని పని ఒకటుంది. "పోటీ జరిగే చోటికి ఊరికే తీసుకెళ్లి, నిలబెట్టి, తీసుకురావాలి. ఒక్కడినే." రెండుసార్లు అనుకున్నాం, రెండుసార్లూ రైడర్‌కి ఆఫీసు అడ్డొచ్చింది. మూడోసారి నేనే ఆ సమయాన్ని నీళ్లకి మళ్లించాను.

ఆ రోజు

డ్రెసాజ్ టైము 10:15. మేము 7:20కే దిగాం. మొదటిసారి కదా, తోడుంటే ధైర్యంగా ఉంటాడని లాయంలో వాడి పక్క గదిలో ఉండే ఆడగుర్రాన్ని కూడా అదే లారీలో తెచ్చాను. దానికి ఆ రోజు పోటీ ఏమీ లేదు. ఆ ఆలోచన నాదే. అప్పుడు చాలా తెలివైనదిగా అనిపించింది.

వాడిని దింపి నాలుగడుగులు వేయించామో లేదో, లోపలున్నది సకిలించింది. వాడు తిరిగి సకిలించాడు. ఆ మెడ ఎంత మందమో ఆ అరుపూ అంతే. డొక్కలు అదిరాయి. రైడర్ ముఖంలో టెన్షన్ చూసి, కాసేపు పని చేయిస్తే కుదుటపడతాడని 9:25కే ఎక్కించాను.

ఇక్కడ నా గతం గురించి చెప్పాలి. పదిహేనేళ్లు నేను పనిచేసింది ఎక్కువగా రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్‌లతో. వాటికి పొద్దున్నే యాభై నిమిషాలు ఆడిస్తే పైనున్న పొంగు దిగుతుంది, లోపల గుర్రం అలాగే మిగిలి ఉంటుంది. ఆ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. కాబ్ సకిలించినా, తల ఎత్తినా, దిక్కులు చూసినా అది పొంగు కాదు. బెదురు. దాన్ని పరిగెత్తించి దించలేం. పరిగెత్తిస్తే బెదురు అలాగే ఉంటుంది, ఒంట్లో ఉన్న కాస్త ఇంధనం అయిపోతుంది.

ఇరవై అయిదు నిమిషాలకి వాడు బాగా కుదిరాడు. వీడియోలో కనపడుతోంది: చెవులు పక్కలకి వదులుగా, మెడ ముందుకి, వెనక కాళ్లు ముందు కాళ్ల అచ్చుల్లో పడుతున్నాయి. రైడర్ నా వైపు వచ్చి అడిగారు.

"ఇప్పుడు బాగున్నాడండీ. ఆపి కాసేపు నడిపించనా?"

"ఇంకొక్క పది నిమిషాలు. ఎడమ క్యాంటర్ ఒక్కసారి చూద్దాం."

ఆ పది నిమిషాలు ఇరవై అయిదయ్యాయి. ఎడమ క్యాంటర్ వాడికి ముందునుంచీ చిక్కే. ఒక్క పొద్దున్నలో అది బాగవదని నాకు తెలుసు. అయినా చూద్దామన్నాను.

టెస్టులో 61.5 శాతం, అంటే 38.5 పెనాల్టీలు. చివర్లో నిలబడి వందనం చేసే దగ్గర పదికి 8 వచ్చింది. నాలుగు కాళ్లూ సమంగా పెట్టి, రాతి బొమ్మలా నిలబడ్డాడు. నిలబడటం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. మిగతా కాగితం మీద "మరింత చురుకు కావాలి" అనే మాట మూడు చోట్ల ఉంది. పగ్గాలు వదిలి నడిపించే చోట 5. ఇంటి దగ్గర అదే వాడికి 7 తెచ్చిపెట్టే పని.

11:15కి నాడి చూశాను. దిగి దాదాపు గంట అవుతోంది. 36 దగ్గర ఉండాల్సింది 52 ఉంది. ఆ గంటసేపూ ఆడగుర్రాన్ని లారీలోంచి దించినప్పుడల్లా, మళ్లీ ఎక్కించినప్పుడల్లా వీడు కట్టుతాడు చివరిదాకా వెళ్లి వస్తూనే ఉన్నాడు. అంకె చూశాను, రాసుకున్నాను, పట్టించుకోలేదు.

షో జంపింగ్ వార్మప్ 25 నిమిషాలు, 14 దూకుళ్లు. కోర్సులో ఉన్నవి అన్నీ కలిపి పది. పదింటి కోసం పద్నాలుగు దూకించానన్నమాట. రౌండులో రెండు కర్రలు పడ్డాయి: డబుల్‌లో (వెంటవెంటనే దూకాల్సిన ఫెన్సుల జంటలో) రెండోది, ఆఖరిది. డబుల్‌ది ఎందుకు పడిందో కొంచెం ఆగి చూడాలి. మధ్యలో ఒకే అంగ పట్టే డబుల్‌లో రెండు ఫెన్సులనీ సాధారణంగా 24 అడుగుల దూరంలో పెడతారు. దిగడానికి ఆరు, మధ్యలో ఒక క్యాంటర్ అంగకి పన్నెండు, మళ్లీ ఎగరడానికి ఆరు. బండోడి మామూలు అంగ పది అడుగులే. అంటే ప్రతి డబుల్‌లోనూ వాడు రెండడుగులు అప్పు తెచ్చుకోవాలి. ఒంట్లో సత్తువ ఉంటే తెచ్చుకుంటాడు, ఇంటి దగ్గర ఎన్నోసార్లు తెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం లోపల ఏమీ మిగల్లేదు. దూరం నుంచే ఎగిరాడు, వెనక కాళ్లు కర్ర మీద దిగబడ్డాయి. "ముందుకు పంపలేకపోయాను" అని రైడర్ బాధపడ్డారు. ఆవిడ కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. పంపడానికి అక్కడ సరుకు లేదు.

పదిహేను నిమిషాలు జీను మీదే ఎదురుచూశాం, ఎందుకంటే దిగితే మళ్లీ ఎక్కడం కష్టమని. మరో పదిహేను నిమిషాలు క్రాస్‌కంట్రీ వార్మప్. ఎండ ముదిరింది. చలికాలపు బొచ్చు ఇంకా పూర్తిగా రాలలేదు. రెండు వారాల్లో ఎలాగూ రాలుతుందిగా అని కత్తిరించకుండా వదిలేశాను. బరువైన ఒళ్లు, చర్మం కింద కొవ్వు, పైన దుప్పటి లాంటి బొచ్చు. గుర్రం ఖర్చుపెట్టే శక్తిలో ముప్పాతిక పైగా వేడిగానే పోతుంది. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం తక్కువైన ఒంట్లోంచి ఆ వేడి తొందరగా బయటికి రాదు. స్టార్ట్ బాక్సులోకి వెళ్లేటప్పటికే ఛాతీ మధ్య నురగ కనపడింది.

కోర్సు 1,800 మీటర్లు, వేగం నిమిషానికి 435 మీటర్లు. నిర్ణీత సమయం 4 నిమిషాల 8 సెకన్లు. కుడివైపు ఎర్ర జెండా, ఎడమవైపు తెల్ల జెండా, ఆ మధ్యలోంచి దూకాలి. మొదటి అయిదూ చక్కగా దూకాడు. ఆరోది చిన్న గుడిసె ఆకారపు ఫెన్సు, 75 సెంటీమీటర్లు కూడా ఉండదేమో. కానీ అక్కడ దారి లారీలు నిలిపిన చోటుకి దగ్గరగా వచ్చి, మళ్లీ దూరంగా తిరుగుతుంది. ఇరవై మీటర్ల ముందే క్యాంటర్ ట్రాట్ అయింది. ఎడమ చెవి లారీల వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే అటునుంచి సకిలింపు వినపడింది. ఫెన్సుకి రెండు మీటర్ల ముందు ఆగిపోయాడు. జారలేదు, తిరగలేదు, ఎదురు తిరగలేదు. ఆగి, లారీల వైపు చూస్తూ నిలబడ్డాడు. డ్రెసాజ్‌లో 8 తెచ్చిన నిలబాటే.

రైడర్ ఏడవబోయి ఆపుకున్నారు. మెల్లగా వెనక్కి తిప్పి, కాలి వెనక బెత్తం ఒక్కసారి తాకించి, ట్రాట్‌లోనే తెచ్చారు. దూకేశాడు. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చిన స్వారీ అది.

తొమ్మిదోది నీళ్లు. పన్నెండు వారాలుగా మా కలల్లోకి వచ్చిన నీళ్లు. ఏ సంకోచం లేకుండా దిగాడు, మధ్యకి వెళ్లాడు, తల వంచి తాగడం మొదలుపెట్టాడు. నీళ్లలో అలా ఆగితే రిఫ్యూజల్ (దూకనని ఆగిపోవడం) కాదు, గడియారం మాత్రం తిరుగుతుంది. చుట్టూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంత దాహంగా ఉన్న గుర్రాన్ని నేను బాక్సులోకి పంపానన్నమాట.

5 నిమిషాల 3 సెకన్లకి ముగించాడు. 55 సెకన్లు ఎక్కువ, అంటే 22. మొత్తం 38.5, 8, 20, 22 కలిపి 88.5. పదో నిమిషానికి నాడి 76. జీను తీసి, ఇద్దరం ఆపకుండా చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తూనే ఉన్నాం. వేడి కండల మీద చన్నీళ్లు పోస్తే పట్టేస్తాయని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు ఎండలో గుర్రాల మీద చాలా పరిశోధనలు జరిగాయి. చన్నీళ్లు దండిగా పోయడమే సరైన పని అని అప్పుడే తేలింది. ఇరవయ్యో నిమిషానికి 60కి దిగింది, గడ్డి కోసం నన్ను లాక్కుపోయాడు. అప్పుడు నాకు ఊపిరి అందింది.

ఎందుకు ఆగాడు

"కాబ్‌లు మొండివండీ" అన్నారు చాలామంది. కొందరు ఇంకా గట్టిగా కొట్టాల్సింది అన్నారు. నేను ఒప్పుకోను. మొండికేసిన గుర్రం వాదిస్తుంది: భుజం తోసుకుంటూ తిరుగుతుంది, వెనక్కి నడుస్తుంది, తోక విసురుతుంది. వీడు వాటిలో ఏదీ చేయలేదు. అయిదో ఫెన్సు దాకా దూకిన గుర్రం ఆరోది చూసి భయపడిందనీ అనలేను, ఆరోది అన్నిటికంటే చిన్నది. అలిసిపోయిన ప్రాణి ఇంటి వైపు చూస్తుంది. ఇల్లు ఆ రోజు వందడుగుల దూరంలో ఉండి, నోరు తెరిచి పిలుస్తోంది కూడా. ఆ ఇంటిని లారీలో ఎక్కించి తెచ్చింది నేను.

కాబట్టి కర్ర పడటం, ఆగడం, టైము పోవడం మూడు సమస్యలు కావు. చురుకు కావాలని జడ్జి పొద్దున్నే రాసిన సమస్యే సాయంత్రం దాకా సాగింది. సన్నటి గుర్రాల దగ్గర పెద్ద డబ్బా ఉంటుంది, కాస్త ఒలికినా తెలియదు. కాబ్ దగ్గర చిన్న చెంబు. పన్నెండు వారాలు ఆ చెంబుని కొంచెం పెద్దది చేయడానికి కష్టపడి, పోటీ రోజు పొద్దున్నే దాన్ని ఒంపేశాం.

రైడర్ తప్పు ఇందులో ఎంత అని ఆవిడే అడిగారు. 9:50కి ఆపుదామా అని అడిగింది మీరే కదండీ అన్నాను. వీడియో చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి అడగను, ఆపేస్తాను" అన్నారు. అదే కావాలి.

నాలుగు వారాల తర్వాత

ఈ నాలుగు వారాల్లో కొత్తగా ఒక్క ఫెన్సు కూడా నేర్పలేదు. రెండుసార్లు వేరే వాళ్ల పోటీలకి ఊరికే తీసుకెళ్లాం, వాడిని ఒక్కడినే. మొదటిసారి నలభై నిమిషాలు సకిలించాడు. మేము పక్కన కూర్చుని గడ్డి వల చూపించాం, ఎక్కలేదు, తిప్పలేదు. రెండోసారి పది నిమిషాలకే గడ్డిలో తల పెట్టాడు. ఇంటి దగ్గర ఆడగుర్రాన్ని వదిలి వెళ్లడం రోజూ చేయించాం: ఇద్దరూ కలిసి బయల్దేరి, దారి చీలిన చోట విడిపోవడం. బొచ్చు మెడ కింద, ఛాతీ, పొట్ట, డొక్కల దగ్గర కత్తిరించాం. కాళ్ల మీద వెంట్రుకలు ఉంచాం, అవి తీస్తే ఆవిడ ఒప్పుకునేలా లేరు. వాటి అడుగున తడి నిలిచి చర్మం పుండవుతుంది కాబట్టి ప్రతి కడుగుడు తర్వాతా ఆరబెట్టాల్సిందే.

రెండో పోటీ రోజు గంటా పది నిమిషాల ముందు దిగాం. డ్రెసాజ్ వార్మప్ 18 నిమిషాలు, అందులో సగం పొడవాటి పగ్గాల మీద నడక. ఎడమ క్యాంటర్ ఒక్కసారి చేయించి వదిలేశాం. షో జంపింగ్‌కి 12 నిమిషాలు, అయిదు దూకుళ్లు. మధ్యలో దిగిపోయారు, జీను వదులు చేసి నీడలో నిలబెట్టాం, నీళ్ల బక్కెట్టు ముందే ఉంది. క్రాస్‌కంట్రీకి ఆరు నిమిషాలు. అంతా కలిపి, టెస్టులతో సహా 48 నిమిషాలు.

డ్రెసాజ్ 66 శాతం, అంటే 34. షో జంపింగ్‌లో ఒక కర్ర, డబుల్ నిలిచింది. క్రాస్‌కంట్రీ 1,950 మీటర్లు, 4 నిమిషాల 29 సెకన్లలో రావాల్సింది, 4:53కి వచ్చాడు. 9.6. ఎక్కడా ఆగలేదు. మొత్తం 47.6. పదో నిమిషానికి నాడి 60.

ఎడమ క్యాంటర్‌కి ఇప్పటికీ 5 దగ్గరే ఉన్నాం. వాడి ఎడమ వెనక కాలు కుడిదానికంటే తక్కువ మోస్తుంది. బండి లాగిన రోజుల్లో రోడ్డు ఒకవైపు వాలుగా ఉండేదేమోనని నా అనుమానం, రుజువు లేదు. మేడమ్ గారు 90 క్లాసు ఎప్పుడని అడుగుతున్నారు. పదో నిమిషం నాడి వరసగా రెండు పోటీల్లో 60 దాటకుండా ఉంటే అప్పుడు మాట్లాడదామన్నాను. వచ్చే ఎంట్రీ మళ్లీ 80కే పంపాం. వార్మప్ ఈసారి 15 నిమిషాలు పెట్టి చూస్తాం. ఆపేది ఆవిడే.